ఫ్రెంచ్ రాకపోయినా అజ్నవూర్‌ని వినడం ఎలా

చాలామందికి ఫ్రెంచ్ గాయకుడు షార్ల్ అజ్నవూర్ పరిచయం ‘షి’ అనే ఇంగ్లిష్ పాటతోనే మొదలవుతుంది. ఒక టెలివిజన్ సీరియల్ కోసం చేసిన ఆ పాట 1974లో బ్రిటన్ పాటల పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. బాణీ అజ్నవూర్‌దే, ఇంగ్లిష్ మాటలు హెర్బర్ట్ క్రెట్స్‌మర్‌వి. పాటకు వంక పెట్టడానికేం లేదు. కాకపోతే ఆయన ఇంట్లోకి అది పెరటి గుమ్మం. అటునుంచి వెళితే నెమ్మదిగా, తియ్యగా పాడే ప్రేమగాయకుడు ఒకాయన కనిపిస్తాడు. వీధి గుమ్మంలోంచి వెళితే కనిపించే మనిషి వేరు: మూడు నిమిషాలకో వేషం కట్టి, దించి, ఇంకోటి కట్టే నటుడు.

అందుకని ఆయన పాట దేనికైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న రాగం గురించీ కాదు, అర్థం గురించీ కాదు. మాట్లాడుతున్నది ఎవరు? ఆ వెంటనే ఇంకో రెండు: ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎంత వయసువాడు? ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, తానెవరో తానే పాడి చెప్పుకుంటూ వస్తుంది కదా, ప్రవేశ దరువు. అజ్నవూర్ పాటల్లో మంచివన్నీ ఒక రకంగా ప్రవేశ దరువులే. తేడా ఒక్కటే, ఇక్కడ పాత్ర తన పేరు చెప్పదు. వయసు, ఇల్లు, బట్టలు, జేబులో డబ్బు, వీటి లెక్క చెబుతుంది. మిగతాది మనం పోల్చుకోవాలి.

కావలసిన సరంజామా

నెల రోజులు, పన్నెండు పాటలు, నాలుగైదు సినిమాలు చాలు. ప్రతి పాటకూ ఫ్రెంచ్ సాహిత్యం ఒక కాగితం మీద, పక్కన అనువాదం. అనువాదం ఫ్రెంచ్ నుంచి నేరుగా తెలుగులోకి చేయించుకోండి, ఇంగ్లిష్ మీదుగా వద్దు. ఫ్రెంచ్‌లో ‘త్యు’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. ఇంగ్లిష్‌లో రెండూ కలిసి ఒకటే మాటయిపోతాయి. మన భాషలో ఉన్న తేడాని ఇంగ్లిష్ గుండా పంపించి పోగొట్టుకోవడం దండగ. ‘ఆఁమ్నే మ్వా’ (1967) అనే పాట పేరుకి ఇంగ్లిష్‌లో వచ్చే అర్థం ‘టేక్ మీ’. అందులో చనువుందో మర్యాదుందో తెలీదు. తెలుగులో అయితే తిన్నగా ‘నన్ను తీసుకెళ్ళండి’. రేవులో బరువులు మోసే మనిషి ఓడల్లో వచ్చినవాళ్ళని చూస్తూ అడుగుతున్న మాట అది. ఆ ‘అండి’లో వాడి స్థితంతా ఉంది.

ఒక్కో పాట మూడుసార్లు వినాలి. మొదటిసారి కాగితం లేకుండా, గొంతు ఎక్కడ మాట్లాడుతోంది, ఎక్కడ పాడుతోంది అన్నదొక్కటే గమనిస్తూ. రెండోసారి ఫ్రెంచ్ కాగితం మీద వేలు పెట్టుకుని. మూడోసారి అనువాదం ముందే చదివేసి, కాగితం పక్కన పెట్టేసి. రోజుకి ఒక పాట దాటొద్దు. పన్నెండూ ఒక్క సాయంత్రం వినేస్తే అన్నీ ఒకేలా ఉన్నాయనిపించి వదిలేయడం ఖాయం. అరవైల నాటి ఆయన రికార్డింగుల్లో వయొలిన్ల వరస ఒక పాటకీ ఇంకో పాటకీ పోలికగానే ఉంటుంది. వాటిలో చాలావాటికి వాద్యగోష్ఠి కూర్చినది పోల్ మొరియా.

ఉచ్చారణ: అరసున్న పనికొచ్చే చోటు

కాగితం మీద వేలు పెట్టాలంటే ఏ అక్షరం పలుకుతుందో కొంచెం తెలియాలి. ఆయన పేరు ‘చార్లెస్’ కాదు, ‘షార్ల్’. ఫ్రెంచ్‌లో మాట చివరి హల్లు చాలాసార్లు రాతకే పరిమితం.

ముక్కుతో పలికే అచ్చులంటే మనవాళ్ళు భయపడతారు గానీ అవి మన నోట్లో ఉన్నవే. ఫోన్‌లో అవతలివాళ్ళు చెబుతుంటే ‘ఆఁ... ఆఁ...’ అంటాం కదా, అదే. మనం రాయడం మానేసిన అరసున్న ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. ‘ఆఁకోర్’ అని రాసుకోండి, ‘ఎంకోర్’ అని కాదు. నిండు సున్న పెడితే మధ్యలో ‘ఙ’ దూరి మాట బరువెక్కుతుంది.

రెండోది ‘త్యు’లో వచ్చే అచ్చు. నోట్లో ‘ఈ’ పెట్టుకుని, నాలుక కదపకుండా, పెదాలు మాత్రం ‘ఊ’కి చుట్టండి. మూడోది గొంతులో గీరుకునే ‘ర’. హైదరాబాద్ ఉర్దూలో ‘గరీబ్’ అన్నప్పుడు మొదట వచ్చే ధ్వనికి ఇది దగ్గర చుట్టం. ఆ మాట అలవాటున్నవాళ్ళకి సగం పని అయిపోయినట్టే.

పాటల్లో తికమక పెట్టేది మాట చివరి చిన్న ‘అ’. మామూలు మాటల్లో అది మింగేస్తారు. పాటలో లయకి కావలిస్తే బయటికి తీస్తారు. మాట్లాడేటప్పుడు ‘పార్ల్’ అనే మాట పాటలో ‘పార్-ల’ అని రెండక్షరాలవుతుంది. అజ్నవూర్ దీన్ని తిరగేసి కూడా వాడాడు: పాటలో పలకాల్సిన దాన్ని కావాలని మింగేశాడు. ‘జ మ్‌వ్వాయె దెజా’, ‘త్యు త్‌లెస్ అలే’, ఈ పేర్లు ఫ్రెంచ్‌లో రాసి ఉన్నప్పుడు మధ్యలో ఒక చుక్క కొమ్ము (అపాస్ట్రఫీ) కనిపిస్తుంది. అక్కడొక అచ్చు ఎగిరిపోయిందని గుర్తు. ‘వెళ్ళుచున్నాను’ అని రాయకుండా ‘వెళ్తున్నా’ అని రాసినట్టు. ఆ కొమ్ము కనిపిస్తే పాత్ర వీధిలో మాట్లాడే భాష మాట్లాడుతోందని ముందే తెలిసిపోతుంది.

ఒక్క పాటను విప్పి చూస్తే

‘లా బొఎమ్’ (1965) దగ్గర మూడు రోజులు ఆగండి. బాణీ అజ్నవూర్‌ది, మాటలు జాక్ ప్లాఁత్‌వి. ‘మస్యు కార్నవాల్’ అనే సంగీత నాటకం కోసం పుట్టిన పాట ఇది. ఆ నాటకం అదే ఏడు పారిస్‌లోని షాత్లె థియేటర్లో ఆడింది. అంటే పుట్టుకతోనే ఇది వేదిక పాట, పాత్ర పాట.

మొదటి రోజు తాళం పట్టుకోండి. ఇది వాల్ట్జ్, మూడు లెక్క. మన లెక్కలో తిశ్రం: తకిట తకిట తకిట. తొడ మీద మొదటి దెబ్బ మాత్రమే వేస్తూ మిగతా రెండూ వేళ్ళతో తేల్చేయండి. మూడూ సమానంగా కొడితే రోకటి పాటైపోతుంది.

రెండో రోజు అక్షరాలు లెక్కపెట్టండి. తెలుగు పద్యానికి లఘువులూ గురువులూ చూస్తాం. ఫ్రెంచ్ పద్యానికి అక్షరాల సంఖ్య చాలు. ఈ పాటలో మొదటి మూడు పాదాలూ ఆరేసి అక్షరాలు. తర్వాతి మూడూ ఆరేసి. మూడో పాదం చివరా, ఆరో పాదం చివరా తోకలాగా ఒక చిన్న అక్షరం వేలాడుతుంది. ప్రాస మనలాగా పాదం రెండో అక్షరంలో వెతక్కండి, దొరకదు. అది చివర ఉంటుంది. ఒకటీ రెండూ పాదాలు కలుస్తాయి, నాలుగూ ఐదూ కలుస్తాయి, ఆ తోక ఉన్న మూడూ ఆరూ కలుస్తాయి. మూడో పాదం విసిరేసిన ముడిని ఆరో పాదం పట్టుకుంటుందన్నమాట. ఇది తెలిశాక పాట వింటే, ఆరో పాదం కోసం చెవి ఎదురు చూడటం మొదలెడుతుంది. వినడంలో అదే మొదటి మెట్టు.

మూడో రోజు ముగ్గురు ప్రశ్నగాళ్ళనీ దింపండి. మాట్లాడుతున్నది ఎవరు? ఒక పెద్దాయన, ఒకప్పుడు చిత్రకారుడు. ఎవరితో? ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళతో, అదీ ‘మీరు’ అంటూ. ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా: దేని గురించి? మోఁమార్త్ర్ గురించి. పారిస్‌లో గుట్ట మీది పేట అది. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో చేతిలో చిల్లిగవ్వలేని చిత్రకారులు అద్దె తక్కువని చేరిన చోటు. ‘బొఎమ్’ అంటే ఒక దేశం పేరు అనుకుని తప్పులో కాలేసేవాళ్ళున్నారు. ఇక్కడ అది కళ కోసం ఆకలికి ఓర్చుకుని, లోకాన్ని లెక్కచేయకుండా బతికే బతుకు.

ఇక అసలు కీలకం పల్లవి. ఆ మాటని రెండుసార్లు అని, దానికి ఒక అర్థం చెబుతాడు. తిరిగి పల్లవి వచ్చినప్పుడు మాట అదే, అర్థం వేరే. మొదట అది సంతోషం. మేం రోజు విడిచి రోజు తినేవాళ్ళం అనేది దాని పక్కనే, అదే గాలిలో చెప్పేస్తాడు. తర్వాత నువ్వు అందంగా ఉన్నావని, ఆపైన మాకు ఇరవై ఏళ్ళని. ఆఖరి చరణంలో పెద్దాయన ఆ వీధికి తిరిగి వెళతాడు. గోడలు గుర్తుపట్టలేడు, చిత్రశాల లేదు, మొదట్లో కిటికీ కిందిదాకా వచ్చిన లైలాక్ పూలు చచ్చిపోయాయి. అప్పుడు వచ్చే పల్లవిలో ఆ మాటకి ఏ అర్థమూ మిగల్లేదంటాడు. పల్లవులన్నిటికీ ఎదురుగా ఒక్కో ముక్క రాసుకోండి. పాట మొత్తం ఆ ముక్కల జాబితాలో దొరుకుతుంది. అనువాదం లేకుండా ‘హాయిగా ఉంది, పారిస్ పాట’ అని విని వదిలేసేవాళ్ళు పోగొట్టుకునేది ఇదే.

అప్పుడు కచేరీ వీడియో చూడండి. చేతిలో తెల్ల జేబురుమాలు ఉంటుంది. చాలామంది అది చెమట తుడుచుకోడానికనుకుంటారు. కాదు, అది చిత్రకారుడి గుడ్డ. దాంతో వేళ్ళకంటిన రంగు తుడుచుకుంటున్నట్టు అభినయిస్తాడు, చివర్న దాన్ని నేల మీద జారవిడుస్తాడు. అంతే. ఒక్క గుడ్డముక్కతో ఆహార్యం, ఆంగికం రెండూ కానిచ్చేశాడు.

మిగతా పాటలు ఏ వరసలో

దీని తర్వాత ‘ఇయేర్ ఆఁకోర్’ (1964). మాటలూ బాణీ రెండూ ఆయనవే. ఇంగ్లిష్‌లో ‘యెస్టర్‌డే వెన్ ఐ వాజ్ యంగ్’ అయింది. 1969లో రాయ్ క్లార్క్ గొంతులో అమెరికాలో బాగా తిరిగింది. ఫ్రెంచ్ పేరులోని తీపు, చేదు ఇంగ్లిష్‌లో రాలేదు. తెలుగులో ఇట్టే వస్తుంది: ‘నిన్నటిదాకా’. నిన్నటిదాకా నాకు ఇరవై ఏళ్ళు, అంటాడు. ఈ పాట రాసేనాటికి ఆయన వయసు 40. ముసలివాడి వేషం నలభయ్యో ఏటే కట్టేశాడు. తర్వాత నిజంగా ముసలివాడై, తొంభై దాటాక కూడా అదే పాట పాడాడు. 1964 రికార్డింగూ, చివరి సంవత్సరాల కచేరీదీ ఒకదాని తర్వాత ఒకటి వినండి. మొదటిదాంట్లో నటన ఉంది. రెండోదాంట్లో నటించాల్సిన అవసరం లేకపోవడం ఉంది. మాకైతే మొదటిదే మెరుగనిపిస్తుంది.

మూడోది ‘జ మ్‌వ్వాయె దెజా’ (1960), ‘అప్పటికే నన్ను నేను చూసుకునేవాణ్ణి’ అని చెప్పుకోవచ్చు. పద్దెనిమిదో ఏట ఊరొదిలి, నీలం సూటు కుట్టించుకుని, పోస్టర్ మీద తన పేరు పెద్దక్షరాల్లో ఊహించుకున్న గాయకుడు. ఎన్నేళ్ళైనా పైకి రాలేదు. అయినా తప్పు తనది కాదు, జనానికి అర్థం కాలేదంటాడు. వినేవాడు నవ్వాలో జాలిపడాలో తేల్చుకోలేడు. అప్పటి పెద్ద గాయకుడు ఈవ్ మోఁతాఁ వద్దన్న పాట ఇది. 1960 డిసెంబరులో అలాఁబ్రా థియేటర్లో అజ్నవూర్ తానే పాడి, పెద్ద తారగా బయటికొచ్చాడు. ఓడిపోయినవాడి పాటతో గెలిచాడు.

‘త్యు త్‌లెస్ అలే’ (1960) దగ్గర జాగ్రత్త. మొగుడు పెళ్ళాన్ని పట్టుకుని ఎలా తయారయ్యావో చూసుకో అని ఏకరువు పెడతాడు: జారిపోయిన మేజోళ్ళు, సరిగా ముడి పడని పాత గౌను, జుట్టుకి చుట్టలు. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా. కానీ మొదటి పాదాల్లోనే ఒక ఆధారం పారేశాడు చూడండి. ఆ మాటలు అనే ధైర్యం కోసం వాడు తాగొచ్చాడు. కవి అభిప్రాయం అనుకుని వింటే పాట చెడ్డది. తాగిన మొగుడి వేషం అనుకుని వింటే, చివర్లో వాడు బతిమాలే దాకా, పాత్ర నిలబడుతుంది. నచ్చకపోతే దాటేయండి, నష్టం లేదు.

‘కొమ్ ఇల్ దీజ్’ (1972) మాత్రం దాటేయొద్దు. ‘వాళ్ళనేటట్టు’ అని పేరు. ఒక మగవాడు అమ్మతో పాత ఇంట్లో ఉంటాడు. వీధి పేరు కూడా చెబుతాడు, పారిస్ 15వ వార్డులోని సరసాత్ వీధి. తోడుకి ఒక తాబేలు, రెండు కెనరీ పిట్టలు, ఒక పిల్లి. ఇంటి పని, కుట్టుపని తనే. రాత్రిళ్ళు ఆడవేషం వేసి ప్రదర్శన ఇస్తాడు. స్వలింగ ప్రేమికుడి కథని వెకిలి చేయకుండా, ‘నేను’ అంటూ పాడాడు. ఫ్రాన్స్‌లో వాళ్ళకి వేరే వయసు పరిమితి పెట్టిన చట్టం తొలగింది 1982లో. పాట దానికి పదేళ్ళ ముందుది. ఇందులో తాబేలు, పిట్టలు ఎందుకంటే: ఒంటరితనం అనే మాట పాట అనకుండా అనడానికి. పాట రాసేవాళ్ళు ఇక్కడ కాపీ పుస్తకం తెరవాలి.

మిగిలినవి త్వరగా: ‘లా మమ్మా’ (1963), చావుబతుకుల్లో ఉన్న తల్లి మంచం చుట్టూ చేరిన కుటుంబం. మాటలు రాసిన రొబేర్ గాల్ గాయని ఫ్రాఁస్ గాల్ తండ్రి. ‘క సె త్రీస్త్ వనీజ్’ (1964), మాటలు ఫ్రాఁస్వాజ్ దొరాఁవి. ‘దెజొర్మె’ (1969), ‘నోఁ, జ నె రియఁ నూబ్లియే’ (1971), వీటికి బాణీలు జార్జ్ గార్వరెంజ్‌వి. ఈయన అజ్నవూర్ అక్క ఐదా భర్త, బావగారు. రెండోది ఏళ్ళ తర్వాత అనుకోకుండా పాత ప్రియురాలు ఎదురైతే జరిగే సంభాషణ. చిన్న నాటిక అనుకుని వినండి. ‘మురీర్ దెమే’ (1971), ‘లె ప్లెజీర్ దెమొదే’ (1972). పన్నెండోది ‘ఇల్ సోఁ తోఁబే’ (1975). దానికి ముందు ఆయన పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

జీవితం, అవసరమైనంత

1924 మే 22న పారిస్‌లో పుట్టాడు. అసలు పేరు షానూర్ వాఘినాగ్ అజ్నవూరియాన్. తల్లిదండ్రులు ఆర్మేనియన్లు, ఇద్దరూ కళాకారులు. అమెరికా వీసా కోసం ఎదురుచూస్తూ పారిస్‌లో ఆగి, అక్కడే ఉండిపోయారు. తండ్రి రెస్టారెంట్ నడిపాడు. ఆస్తి కంటే పాటలు ఎక్కువున్న ఇల్లు. తొమ్మిదో ఏటే, 1933లో, నాటకంలో వేషం వేశాడు. గాయకుడు నటుడయ్యాడని రాస్తుంటారు గానీ వరస తిరగబడింది, నటుడే గాయకుడయ్యాడు. ఇది గుర్తుంటే మిగతావన్నీ చోటు చూసుకుని కూర్చుంటాయి.

యుద్ధకాలంలో ఆ కుటుంబం నాజీలు వెతుకుతున్నవాళ్ళని ఇంట్లో దాచింది. ప్రతిఘటన నాయకుడు మిసాక్ మనూషియాన్, ఆయన భార్య మెలినే వాళ్ళకి సన్నిహితులు. మనూషియాన్‌ని 1944 ఫిబ్రవరి 21న కాల్చి చంపారు. సరిగ్గా 80 ఏళ్ళకి, అదే తేదీన ఆయన అస్థికలు పాఁతెయోఁకి, అంటే ఫ్రాన్స్ తన మహనీయుల్ని ఉంచుకునే పారిస్ మందిరానికి, చేరాయి.

పియేర్ రోష్‌తో జంటగా పాడుతున్న రోజుల్లో, 1946లో, ప్రసిద్ధ గాయని ఎదిత్ పియాఫ్ కంట పడ్డారు. తర్వాత కొన్నేళ్ళు ఆవిడ నీడలోనే గడిచాయి: పాటలు రాయడం, ఆవిడ కచేరీల ముందు పాడటం, ఇంకా నానా పనులూ. పొట్టి మనిషి, సుమారు 160 సెంటీమీటర్లు. గొంతు బొంగురు. ఇలాంటి గొంతుతో వేదికెక్కకూడదని పత్రికలు రాశాయి. 1955లో ‘స్యుర్ మ వీ’ పాట, పారిస్ ఒలింపియా హాల్లో కచేరీ. 1956లో కారు ప్రమాదం, రెండు చేతులూ విరిగాయి. ఆ రోజుల్లోనే ‘అప్రె లామూర్’ పాటని రేడియో నిషేధించింది. 1960లో బార్క్లే రికార్డు కంపెనీకి మారడం, అలాఁబ్రా విజయం. 1963లో న్యూయార్క్ కార్నెగీ హాల్.

ఇప్పుడు ‘ఇల్ సోఁ తోఁబే’ వినొచ్చు. ‘వాళ్ళు రాలిపోయారు’. 1915 ఆర్మేనియన్ మారణహోమం మీద, అది జరిగి అరవై ఏళ్ళైనప్పుడు రాసింది. అన్ని పాటల్లోనూ ఒక మనిషి వేషం కట్టినవాడు ఇక్కడ ‘వాళ్ళు’ అని పాడతాడు. ఆ సర్వనామం మార్పు దగ్గరే ఆగండి. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో భూకంపం వచ్చాక, ఎనభైకి పైగా కళాకారుల్ని కూడగట్టి ‘పూర్ త్వా అర్మెనీ’ చేశాడు. అది 1989లో ఫ్రాన్స్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. పాటగా గొప్పదేం కాదు, విరాళాల పాట. 2009లో స్విట్జర్లాండ్‌కి ఆర్మేనియా రాయబారి అయ్యాడు.

సినిమాలు

మొదట ‘తిరే స్యుర్ ల పియానిస్త్’ (1960), దర్శకుడు ఫ్రాఁస్వా త్రుఫో. ఒకప్పటి పెద్ద కచేరీ పియానో విద్వాంసుడు పేరు మార్చుకుని చిన్న బారులో వాయించుకుంటూ ఉంటాడు. ఈ సినిమాలో అజ్నవూర్ పాడడు. పాడతాడేమోనని ఎదురు చూడకండి. అందులో పాట పాడేది బొబీ లపోఁత్. పియానో సంగీతం జార్జ్ దెలెర్యూది. పాడని అజ్నవూర్‌ని చూడటమే ఇక్కడి పాఠం: భుజాలు ముందుకి వంచి, మాట అనబోయి మింగేసే మనిషి. పాటల్లో గొంతు చేసే పనిని ఇక్కడ కళ్ళు చేస్తాయి.

తర్వాత ‘లా తెత్ కోఁత్ర్ లె మ్యుర్’ (1959), జార్జ్ ఫ్రాఁజ్యు తీసింది, మానసిక చికిత్సాలయంలో మూర్ఛరోగి పాత్ర. ‘అఁ తాక్సీ పూర్ తొబ్రూక్’ (1961) వినోదానికి. ‘ద టిన్ డ్రమ్’ (1979)లో పాత్ర చిన్నది, బొమ్మల దుకాణం నడిపే యూదుడు, కథానాయకుడైన పిల్లవాడికి డప్పులిచ్చేది ఆయనే. పాత్ర కోసం కాకుండా తెర మీద లేనప్పుడు కూడా ఎలా గుర్తుంటాడో చూడటానికి. ‘లె ఫాఁతోమ్ ద్యు షపెలియే’ (1982), క్లోద్ షబ్రోల్ తీసింది: ఎదురింటి టోపీల వ్యాపారి హంతకుడని తెలిసిపోయిన దర్జీ. ఓపికుంటే ‘అరారత్’ (2002). అందులో ఆయన పాత్ర పేరు ఎడ్వర్డ్ సరోయాన్. త్రుఫో సినిమాలో పియానిస్టు అసలు పేరు ఎదువార్ సరోయాన్. ఇది కాకతాళీయం కాదు, ఆ పాత పాత్రకి దర్శకుడు ఆటమ్ ఎగోయాన్ పెట్టిన నమస్కారం.

2024లో వచ్చిన ‘మస్యు అజ్నవూర్’ ఆయన జీవితకథ, తాహార్ రహీమ్ నటించాడు. పాటలన్నీ విన్నాకే చూడండి. ముందు చూస్తే పాటల్లో వేరే మొహం కనిపిస్తుంది.

ఎక్కడ తప్పు జరుగుతుంది

ఎక్కువగా జరిగేది ఒకే పాట తాలూకు వేరే రికార్డింగు దొరకడం. ఆయన తన పాటల్నే దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ రికార్డు చేశాడు. ఇంగ్లిష్, ఇటాలియన్, స్పానిష్, జర్మన్‌లలో కూడా పాడాడు. ‘ఎంపిక చేసిన ఇరవై పాటలు’ లాంటి సంకలనాల్లో ఏది ఏ ఏడాదిదో తెలీదు. పైన మేం ఇచ్చిన సంవత్సరాలు మొదటి విడుదలవి. ఆల్బమ్ తేదీ కాకుండా రికార్డింగ్ తేదీ చూసుకోండి. డ్రమ్ములు ముందుకొచ్చి, వయొలిన్లు కీబోర్డులైపోతే అది తర్వాతి కాలంది, ఆపేసి పాతది వెతకండి.

రెండోది, ప్రతి పాటా ఆయనే రాశాడనుకోవడం. కాగితం మీద ‘పారోల్’ అంటే మాటలు, ‘మ్యుజీక్’ అంటే బాణీ. రెండు చోట్లా పేర్లు చూడండి. రాసింది వేరేవాళ్ళైన ‘లా బొఎమ్’నీ, ‘లా మమ్మా’నీ తన సొంత కథల్లా నమ్మించాడు. అది రచయిత నేర్పు కాదు, నటుడిది.

మూడోది పాడబోయేవాళ్ళ సంగతి. మనవాళ్ళు ఈ బాణీలు ఎత్తుకోగానే పాదం చివర గమకం వేస్తారు. వద్దు. చివరి స్వరం లాగకండి, మాట అయిపోగానే వదిలేయండి. శ్రుతి మీ మామూలు మాట స్థాయికి దగ్గరగా దించుకోండి. చరణం సగం మాట్లాడినట్టు పాడి, పల్లవిలోనే గొంతు విప్పాలి. మొదట్నుంచే విప్పితే ఆఖరి చరణంలో ఎక్కడానికి మెట్టు మిగలదు.

వెళ్ళి చూడాలనుకునేవాళ్ళకి

ఒలింపియా పారిస్‌లో బుల్వార్ దె కప్యుసీన్‌లో 28వ నంబరు, ఇప్పటికీ కచేరీలు జరుగుతున్నాయి. మోఁమార్త్ర్‌లో పాటలోని గది కోసం వెతకొద్దు, అది పాటలోనే ఉంది. ఆర్మేనియాలో గ్యుమ్రి పట్నంలో, 1988 భూకంపానికి దెబ్బతిన్న చోట, ఆయన విగ్రహం ఉంది.

చివరి కచేరీ 2018 సెప్టెంబరులో జపాన్‌లోని ఒసాకాలో. అక్టోబరు 1న దక్షిణ ఫ్రాన్స్‌లో మూరియేస్ అనే ఊళ్ళో, తన ఇంట్లో కన్నుమూశాడు, 94వ ఏట. అక్టోబరు 5న పారిస్ ఆఁవలీద్‌లో ప్రభుత్వ లాంఛనాలతో నివాళి. సమాధి మోఁఫోర్ లామొరీ అనే చిన్న ఊళ్ళో కుటుంబ స్థలంలో ఉంది. పారిస్ మోఁపార్నాస్ స్టేషన్‌లో ‘ఎన్’ లైను రైలెక్కి మోఁఫోర్ లామొరీ–మెరే దగ్గర దిగాలి. స్టేషన్ పక్క ఊరైన మెరేలో ఉంది, అక్కణ్ణుంచి ఊళ్ళోకి దాదాపు మూడు కిలోమీటర్లు. నడిచేటట్టయితే ఒక పూట కేటాయించుకుని, తిరుగు రైలు వేళ ముందే చూసుకుని బయల్దేరండి.